అక్సా నడుం కోసం వేసిన చీట్లు

అక్సా వంగి చెప్పులు తొడుక్కోలేక గోడ పట్టుకుని నిలబడితే ప్రేమమణి గుండె జారిపోయింది. మనవరాలికి ఇరవై రెండేళ్ళు. బరువులెత్తే పోటీలకు ఐదు వారాలే ఉన్నాయి. బరువుతో కూర్చుని లేచే వ్యాయామం జిమ్‌లో మిషన్ మీద చేసినా, విడి బార్‌తో చేసినా నొప్పి రానంతవరకే చెయ్యమన్నాడు డాక్టరు. రెండింట్లో ఏది మంచిదో తేల్చలేదు.

“మిషన్ మీద చెయ్యవే తల్లీ. అది పట్టాల మధ్యే కదులుతుందట, నీ మీద పడదు. పేపర్లో చదివాను.”

“ఏందమ్మమ్మా! పోటీలల్ల మిషన్ ఉండదు. బార్ భుజాల మీద పెట్టుకునే కూసోని లేవాలె. మా కోచ్ కిషన్ సార్ సుత బరువు తగ్గించి బార్‌తోనే షురూ చెయ్యమంటుండు.”

“ఆ గుంజీలేవో ఉత్తినే తియ్యొచ్చుగా!”

“గుంజీలకు మెడల్ ఎవరిస్తరు?” అక్సా నవ్వబోయి నడుం పట్టుకుంది.

ప్రేమమణికి నవ్వు రాలేదు. భర్త దేవానందం కూడా నడుం నొప్పితో తనే ఆటో ఎక్కి, సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి ఆసుపత్రికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి బొల్లారంలో ఆ ఇంటి గేటు దాటి ఎవరు వెళ్ళినా, అదే ఆఖరి చూపేమోనని ఆవిడ కళ్ళు తిప్పుకోదు.

“సరే, చీట్లు వేద్దాం. నువ్వే రాయి,” అంది అక్సా.

తేలని సంగతికి ఆ ఇంట్లో అదే పద్ధతి. బైబిల్లో రెండు చీట్లు పెట్టి, ప్రార్థన చేసి, ఒకటి తీస్తారు. తీశాక ఇక ఎవరూ మాట్లాడకూడదు.

ప్రేమమణి వంటింట్లోకెళ్ళి ఒక చీటీ మీద మిషన్ అని రాసింది. రెండోదాని మీద బార్ అని రాయడానికి చెయ్యి ఆడలేదు. దాని మీదా మిషన్ అనే రాసేసింది.

తీసిన చీటీ చూసి అక్సా ముఖం చిన్నబోయింది. “దేవుడు చెప్పిండంటే అంతే,” అంది.

మొదటి వారం నొప్పి రాలేదు. దేవుడు చూపిన దారే కదా అని పిల్ల బెదురు వదిలేసింది. మిషన్‌కి రోజుకింత బరువు ఎక్కిస్తూ పోయింది. రెండో శుక్రవారం పొద్దున నడుం పట్టేసి కదల్లేని ఆమెను కిషనే ఆటోలో తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు.

“ఇదివరకు జెర నొప్పొస్తే ఆగేదమ్మా. ఈసారి ఎంత జెప్పినా ఇనలే. దేవుడే జెప్పిండంటది. దేవునితోని నేనేం లొల్లి పెట్టుకుంట?”

అక్సా కదలకుండా పైకప్పు చూస్తోంది. “ఆయన జెప్పినట్టే చేసిన గదమ్మమ్మా. మరి గిట్లెందుకైంది? నేనేం తప్పు చేసిన?”

ప్రేమమణి నోరు తెరిచింది. చెబితే పిల్ల తనకు దూరమవుతుంది. చెప్పకపోతే దేవుడికి.

“నీ తప్పేం లేదమ్మా,” అంది.

“అయితే నేను పోటీకి పోవుడే ఆయనకిష్టం లేదేమో. సార్, నా పేరు తీసెయ్యండి.”

పెద్దావిడ ఏమైనా అంటుందేమోనని ఆమె వైపు చూసి, కిషన్ పేరు తీయించడానికి ఫోన్ బయటికి తీశాడు. ప్రేమమణి సరిగ్గానే ఉన్న దుప్పటిని మళ్ళీ మళ్ళీ సర్దుతూ కూర్చుంది.