తీసేసిన వారం

ఆ పొద్దున మిల్లుల పేట ఉధ్నా మీద మబ్బు దిగి కూర్చుంది. కురవదు, కదలదు. సాంచాలనే మరమగ్గాల షెడ్డు పక్కన ఆఫీసు గదిలో వినోద్ కంప్యూటర్ తెరిచాడు. షెడ్డులో సగం మంది తన జిల్లావాళ్లే. గంగారాం, పరమేశ్ అయితే ఒకే గదిలో తనతో ఉంటారు. అయినా ఈ లెక్కల కుర్చీలో కూర్చున్న నాటి నుంచీ అతను దగ్గరికొస్తే వాళ్ల మాటలు ఆగిపోతున్నాయి.

శేఠ్ కొన్ని సాంచాలు అమ్మేస్తున్నాడు. ఒక మనిషిని తగ్గించాలి. "నాలుగు వారాల్లో నేసిన మీటర్ల మీద ఒక్కొక్కడి సగటు తియ్. తక్కువొచ్చినవాడు ఇంటికి" అన్నాడు.

అమ్రోలిలో కోర్సుకు పోయి నేర్చుకున్న 'ఆర్' ప్రోగ్రాంలోకి వినోద్ పట్టికను ఎక్కించాడు. మనిషికొక అడ్డ వరుస, వారానికొక నిలువు వరుస. పేర్లనూ సాంచా నంబర్లనూ వదిలేసి, వారాల నిలువులే ఎంచి, అడ్డంగా సగటు తియ్యమన్నాడు. అందరికీ అంకె వచ్చింది, పరమేశ్‌కు తప్ప. మూడో వారం తండ్రి పోతే అతను ఊరెళ్లాడు. ఒక్క గడి ఖాళీగా ఉంటే చాలు, ఆ మనిషికి సగటే లేదంటుంది ప్రోగ్రాం.

"ఖాళీ అంటే సున్నా. సున్నా పెట్టు" అన్నాడు శేఠ్.

సున్నా పెడితే పరమేశ్ పోతాడు.

"ఖాళీ వదిలేసి మిగతా మూడింటికి తియ్యొచ్చు, శేఠ్‌జీ."

"వాడికి మూడు, అందరికీ నాలుగా? కుదరదు."

"అయితే ఆ వారం అందరికీ తీసేద్దాం."

శేఠ్ తలూపాడు. వినోద్ మూడో వారాన్ని ఎంపికలోంచి తప్పించి మళ్లీ నడిపాడు. పరమేశ్ నడుమ ఎక్కడో నిలబడ్డాడు. వినోద్‌కు ఊపిరాడింది. అట్టడుగు పేరు అప్పుడు చూశాడు. గంగారాం.

చావుకు ఊరెళ్లినవాడి సాంచాలను పక్కవాడు చూసుకోవడం వాళ్లలో రివాజు. ఆ వారం పరమేశ్ సాంచాలు కూడా నడిపింది గంగారామే. మీటర్లన్నీ ఆయన పేరునే ఎక్కాయి. చూపు మందగించిన మనిషికి ఆ ఒక్క వారమే అండ.

"శేఠ్‌జీ, మళ్లీ తీస్తా."

"నువ్వన్నట్టే చేశాం కదా? పూటకో లెక్కా?" కాగితం పట్టుకుని శేఠ్ షెడ్డులోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం గదిలో గంగారాం అన్నం వారుస్తున్నాడు. పరమేశ్ గడపలోనే నిలబడ్డాడు.

"నా పేరొస్తదనిరి గద తమ్మీ. గంగారాం కాక పేరెట్లొచ్చింది?"

వినోద్ దాచలేదు. "నిన్ను కాపాడుదామని గా వారం నేనే తీసేసిన అన్నా."

"కాక గా వారం నా కోసమే గద సచ్చేటట్టు నడిపింది."

"పేరు జూసినంక యాదికొచ్చింది."

గంగారాం వెనక్కి తిరగలేదు. "నన్ను ఎల్లగొట్టనీకి గింత పెద్ద మిషినెందుకురా? జర చెప్తే నేనే పోతుంటి గద. కూసోండ్రి, బువ్వ సల్లారుతది."

ముగ్గురి పళ్లేలలోనూ ఆయనే వడ్డించాడు. పరమేశ్ చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. గంగారాం అతని పళ్లెంలో ఇంకో గరిటె పచ్చిపులుసు పోశాడు. తర్వాత వినోద్ పళ్లెంలోనూ పోశాడు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.