ఈ ఏటి ముఖం

పొద్దున్నే రెండు ఖాకీ చొక్కాలు ఇస్త్రీ చేయాలి. మొదట సదానందానిది. ఆయన హెడ్ కానిస్టేబుల్, శ్రీలత ఉత్త కానిస్టేబుల్, పైగా పెళ్లాం. మొన్న ఫోటో కోసమని తీసిపెట్టుకున్న ఆయన చొక్కా కాలర్ కాస్త మాడింది. దానికే ఆమె ఎడమ కంటి కింద నల్లగా కమిలిపోయింది.

కొత్త చట్టం వచ్చింది. పోలీసన్నవాడు ఎవడైనా డ్యూటీలో పేరూ ఫోటో ఉన్న కార్డు ఛాతీ మీద నలుగురికీ కనబడేలా పెట్టుకోవాలట. పాత ఫోటోలు చెల్లవు. ముఖం ఇవాళ ఎలా ఉందో అలాగే ఉండాలి. లాఠీ ఎత్తినవాడెవడో జనానికి తెలియాలని ఈ ఏర్పాటు. మరి ఇంట్లో చెయ్యెత్తేవాడికి ఏ కార్డు పెడతారో అనుకుంది శ్రీలత, ఇస్త్రీపెట్టె తోస్తూ.

అత్త సారలమ్మ చాయ్ తాగుతూ కోడలి ముఖంలోకి చూసింది.

"మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. జర పౌడర్ రాసుకొని పో బిడ్డా, నవ్వుతరు."

కొట్టినవాడి మీద మాత్రం ఆవిడ దగ్గర సామెత లేదు.

"మంచిగ రాసుకో," అన్నాడు సదానందం బూట్లు తొడుక్కుంటూ. "ఎవరన్న అడిగితే బాత్రూంల జారిన్నని చెప్పు."

ఎన్నిసార్లని జారుతుంది? ఆ మాటకొస్తే స్టేషన్లో ఆడ కానిస్టేబుళ్ల గదిలో సగం మంది జారినవాళ్లే. అద్దం పక్కన ఒక పౌడర్ డబ్బా ఎప్పుడూ ఉంటుంది. ఎవరిదని ఎవరూ అడగరు, అయిపోతే ఎవరో ఒకరు కొత్తది తెచ్చిపెడతారు. అది పూసుకున్న ముఖాలతోనే బయటికొచ్చి, మొగుడు కొట్టాడని ఏడ్చే ఆడవాళ్లకు "భయపడకమ్మా, కేసు పెట్టు" అని ధైర్యం చెబుతారు. అది తలుచుకుంటే శ్రీలతకు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఫోటోలు తీసే హాల్లో అన్ని స్టేషన్ల వాళ్లూ ఉన్నారు. మగవాళ్ల లైన్లో సదానందం. తోటి కానిస్టేబుల్ ప్రేమలత ఆ డబ్బా వెంట తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇంకింత రాయవే. మీ ఆయన ఇటే చూస్తాండు."

శ్రీలత మూత తీసింది. మళ్లీ పెట్టేసింది. బయట కుళాయి దగ్గరికి వెళ్లి, పొద్దున ఇంట్లో రాసుకున్నది కూడా కడిగేసుకుని వచ్చింది.

ఫోటోలు తీసే వలీ కెమెరా మీంచి తల ఎత్తాడు. "మేడం, కన్ను కింద మచ్చ గట్టిగ కనబడ్తాంది. వారం ఆగి వస్తరా? ఈ కార్డు ఏండ్లకేండ్లు మీ ఛాతీ మీదనే ఉంటది."

లైన్లో వాళ్లు తలలు తిప్పి చూశారు. సదానందం గట్టిగా గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడు శ్రీలతకు తెలుసు. ఇంటికి వెళ్లాక ఏమవుతుందో కూడా తెలుసు. అయినా కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఇది పెండ్లయినప్పటి సంది ఉన్నదే తమ్మీ. ఇప్పుడు కనబడనియ్యి. తియ్యి."