గెడ్డలో నానిన బల్ల

మా ఆయన సోంబరు మంచివాడే. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

నేను మా ఊరి అంగన్‌వాడీలో ఆయాని. పదో తరగతి పాసైతే టీచరు పోస్టుకు అర్హత వస్తుంది. నేల మీద వంగి చదివి చదివి నడుం పడిపోతోందని, అరకులో వెంకటరావు గారి కొట్లో చదువుకునే బల్ల కొన్నాను. రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన టేకు రంగు కాగితం అతికించిన రకం. చూడ్డానికి తళతళలాడింది.

మర్నాడు మీటింగుకు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేసరికి బల్ల లేదు.

"బల్లేదీ?"

"గెడ్డలో ఎట్టినాను. మూడు వారాలు నానితే జన్మలో పురుగు పట్టదు" అన్నాడు గర్వంగా.

మా కొండల్లో కొత్త కలపను వాగులో నానబెట్టకుండా ఎవరూ వాడరు. దూలమైనా వెదురైనా అంతే. కానీ ఇది పొట్టు! పరుగెత్తాను. మోకాలి లోతు నీళ్లలో, రాళ్ల మధ్య బల్ల నిలబడి ఉంది. కాళ్లు ఉబ్బి, నానిన అటుకుల్లా విడిపోతున్నాయి. పైపలక మాత్రం బతికింది. దాన్ని రేపు ముంచుదామనుకున్నాడట మహానుభావుడు.

"చదువు లేని మొద్దా!" అని ఊరంతా వినేలా అరిచాను. పరీక్షలకు పది రోజులే ఉన్నాయి మరి.

రెండు రోజులు నేను మాట్లాడలేదు. మూడో రోజు ఆయన ఉబ్బిన కాళ్లు ఊడబీకి, కొత్తింటి తలుపు కోసం దాచుకున్న వేగిస చెక్క బయటికి తీశాడు. దానితోనే కొత్త కాళ్లు చెక్కాడు. పొట్టులో మేకు నిలవదని పలక అడుగున చెక్క బద్దలు అతికించి, కాళ్లను వాటికి బిగించాడు.

"మరి తలుపో?" అన్నాను, ఉండబట్టలేక.

"తడక ఉన్నాది కదేటి."

నా కోపం సగం అక్కడే చచ్చింది.

బల్ల ఇంకా తిరగేసే ఉంది. "ఓలే రాజకుమారీ, ఇక్కడేదో కాయితం అంటించినారు. ఏటి రాసినారో సదువు" అన్నాడు.

వంగి చూశాను. 'నీళ్లు తగలనివ్వరాదు. తడిగుడ్డతో కూడా తుడవరాదు.' తెలుగులోనే, ఇంతింత అక్షరాలతో. కొన్నప్పుడు అటు తిప్పి చూసిన పాపాన పోలేదు నేను. ఇంకేదో రాసుందని చెబుదామా అనిపించింది. ఆయనకెలాగూ తెలియదు. మనసొప్పక, ఉన్నదున్నట్టు చదివాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

సోంబరు పకపకా నవ్వాడు. "అయితే మనింట్లో సదవనోలు ఇద్దరన్నమాట!"

బల్ల నిలబెట్టి, రెండు చేతులతో ఊపి చూశాడు. "కూకో. బేగి సదువు. ఏడు రోజులే ఉన్నాయి."

కళ్లు తుడుచుకుని కూర్చున్నాను.