గూడబాతుల చిత్రప్రదర్శనము

ఈశాన్యమేఘమండలము కురిసి కురిసి యలసి వెనుదిరుగ, నిండుచెరువుల నీటినడుమ నిలిచిన కడపచెట్ల కొమ్మలపై దూరదేశాగతములైన గూడబాతులు ధవళపక్షములు ముడిచి గూళ్లు కట్టుకొనుచుండ, సూళ్లూరుపేట పట్టణమున హేమంతప్రభాతము మంచుతెరలను మెల్లమెల్లగ తొలగించుకొనుచు వెలసెను.

ఆ పట్టణమందలి కళాశాలలో చెంగల్రాయలు జంతుశాస్త్రాధ్యాపకుడు. రంగుసుద్దలతో నల్లబల్లపై అతడు గూడబాతును లిఖించునప్పుడు దాని గొంతుసంచిలో చేప కదలినట్లే తోచునని విద్యార్థులు చెప్పుకొనుచుండిరి. గంట మ్రోగినను లేవక తన వ్రేళ్లనే చూచుచుండు ఆ విద్యార్థుల కన్నులకంటె అతడు వేఱొక సన్మానమును కోరి యెఱుగడు.

నిరుపమ యను యువతి ఆ శాఖకు నూతనాధ్యాపకురాలై వచ్చిన పిదప ఆ కన్నులు మరలినవి. అంతర్జాలమున ప్రదర్శనములు కూర్చు సాధనమొకటి ఆమెకు కరతలామలకము. స్లైడు మార్చినంతనే పక్షి రెక్క విప్పును. పటముపై వలసమార్గము సముద్రములు దాటి సాగిపోవును. తెరపై ప్రశ్న వెలువడినంతనే విద్యార్థులు తమ ఫోన్లనుండి పంపిన సమాధానములు గోడపై ప్రత్యక్షమగును. పాఠము ముగిసిన పిమ్మట ఆమె పంపు లింకును తెరచి ఎల్లరును ఇండ్లయందు మరల చూచుకొందురు. చెంగల్రాయల చిత్రమన్ననో మఱుసటి గంటకే డస్టరు పాలగును.

ఆమె తరగతినుండి నవ్వులు వినవచ్చినప్పుడెల్ల అతడు కంట నలుసుపడినవానివలె మొగము త్రిప్పుకొనుచుండెను. "బొమ్మలాడించడమూ ఒక పాఠమేనా?" అని తోడి యుపాధ్యాయులతో తేలికగ ననుచునే, ఇంట నొంటిగ ఆ లింకులను తెరచి లోపముకొఱకు వెదకుచుండెను. లోపము దొరకలేదు. దొరకకపోవుటయే అతనికి దుస్సహమయ్యెను.

ఇంతలో పక్షుల పండుగ వచ్చెను. ఏటేట చెంగల్రాయలు పురజనులయెదుట ప్రసంగించు వేదికపై ఈమారు నిరుపమ ప్రసంగింపవలెనని ప్రిన్సిపాలు నిర్ణయించెను. ఆమె తన ప్రదర్శనమును అతనికి పంపి, దానిని దిద్దు అధికారమును సైతమొసంగి, "సార్, మీరొకసారి చూసి ఏమన్నా ఉంటే మార్చండి" అని వినయముతో కోరెను.

ప్రసంగదినమున ప్రాతఃకాలమందు చెంగల్రాయలు నిర్జనమైన అధ్యాపకుల గదిలో కంప్యూటరుముందు కూర్చుండి ఆ ప్రదర్శనమును తెరచెను. తల్లి గొంతుసంచిలోనికి శిరము చొనిపి మేత గ్రహించు పక్షిశాబకము తెరనిండ కనబడెను. ఏండ్లకొలది సుద్దముక్కతో పట్టజూచి తాను పట్టలేకపోయిన క్షణమది! అతని వ్రేలు కదలెను, చిత్రము మాయమయ్యెను. అతడు వలసమార్గపు పటమును సైతము తొలగింపబోవునంతలో తెరపై మఱియొక బాణపుగుర్తు కదలెను. దాని ప్రక్కను చిన్నయక్షరములతో 'నిరుపమ' అని యుండెను. ఆమెయు తన యింటినుండి అదే ప్రదర్శనమును తెరచి చూచుచుండెను.

అతడు పటమును తొలగింపక చేయి వెనుకకు తీసికొనెను. ఆ గుర్తు చిత్రము లేని శూన్యస్థలమున కొంతతడవు కదలక నిలిచెను. అంతట అతని ఫోను మ్రోగెను.

"సార్, పిల్లకి మేత పెట్టే బొమ్మ తీసేశారే. బాగాలేదా?"

పొరపాటున వ్రేలు తగిలినదనవచ్చును, కంప్యూటరు చెడినదనవచ్చును. ఆ మాటలన్నియు నాలుక చివరకు వచ్చి వెనుదిరిగినవి.

"బాగుందమ్మా. బాగుందనే తీసేశాను."

ఆమె మెల్లగ బదులు పలికెను. "తప్పుంటే నాతో చెప్పి తియ్యండి సార్. బాగుంటే మాత్రం ఉండనివ్వండి. మీకిచ్చిన అధికారం నేను వెనక్కి తీసుకోను."

ఆ మాట అతనికి దూషణముకంటె బరువయ్యెను. అతడు చూచుచుండగనే ఆమె చిత్రమును యథాస్థానమున నిలిపెను.

ఆ సాయంకాలము సభాభవనము క్రిక్కిరిసెను. కడపటి వరుసలో ఒదిగి కూర్చున్న చెంగల్రాయలు తెరపై పక్షిశాబకము కనబడి సభ యంతయు హర్షధ్వానము చేసినప్పుడు తానును చప్పట్లు చఱచెను. చఱచుచున్నంతసేపును లోపల ముల్లు గ్రుచ్చుకొనుచునే యుండెను.

అటుపిమ్మట ఆమె తన ప్రదర్శనములను అతనికి పంపుట మానలేదు. అతడు చూచుట మానలేదు. అసూయ అతని హృదయమున చిరకాలము కాపురముండెను. అయినను, అది మఱియెన్నడును అతని చేతిదాక దిగలేదు.