నాలుగు శనివారాల సముద్రం

గిన్నెలు తోముతుంటే మా ఆయన ఉపేంద్ర మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చి నా చేతుల వైపు చూశాడు.

"గోర్లల్ల గా నీలం ఏంది?"

"అమ్మ మోకాలికి రాసే మందు," అన్నాను. ఆయన తలూపి, నీళ్లు తాగి, ఎంగిలి గ్లాసు నేను కడిగి బోర్లించిన గిన్నెల మీదే పెట్టి వెళ్లిపోయాడు. అంత సులువుగా నమ్మేసరికి నాకే సిగ్గేసింది. అది మందు కాదు, బొమ్మలకు వేసే పేస్టెల్ రంగుపుల్లల పొడి.

మా అమ్మ యాదలక్ష్మి చంపాపేటలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు వారానికోసారి మలక్‌పేటలో ఫిజియోథెరపీ చేయించమన్నారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పని చేస్తాను. శనివారం ఒంటిపూట కాబట్టి రెండు వారాలు నేనే తీసుకెళ్లాను. మూడో వారం అమ్మే, "నువ్వెందుకు పరేషాన్ అయితవ్, నేను ఆటోల పోయొస్త తియ్," అంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పెళ్లయిన పదకొండేళ్లకు, ఎవరికీ చెందని మూడు గంటలు నా చేతికి దొరికాయి.

మా సెంటర్ వెనక వీధిలో, మేడమీద గదిలో, విజయదుర్గ గారు బొమ్మలు నేర్పుతారు. ఆవిడది భీమిలి. ఆ మూడు గంటలకు అక్కడ చేరాను. నాకు గీయడం రాక కాదు. పాప ప్రాజెక్టులు, ఆడబిడ్డ కొడుకు రికార్డులు, అత్తమ్మ పూజకు ముగ్గులు అన్నీ నావే. "నీకు గీసుడొచ్చు గద," అని పుస్తకాలు టీవీ పక్కన పెట్టిపోతారు. ఒకసారి నా కోసం డ్రాయింగ్ కాగితాలు కొనుక్కుంటే, "ఇంట్ల పనంత అయిపోయిందా?" అన్నాడు ఉపేంద్ర. కోపంగా కూడా అనలేదు. ఆ కాగితాలు చివరికి పాప పుస్తకాలకు అట్టలయ్యాయి.

మొదటి శనివారం విజయదుర్గ గారు వాళ్ల ఊరి సముద్రపు ఒడ్డున రాళ్ల ఫొటో ఒకటి ఇచ్చారు. గరుకైన బూడిదరంగు కాగితం మీద బొగ్గుతో రాళ్ల ఆకారాలు, నీటి గీత మాత్రమే గీయించారు. రెండోవారం చీకటి రంగులు. "రాయికి ముందు నీడ వెయ్యండి. ముదురు నీలం, గోధుమ. పుల్లని పడుకోబెట్టి రుద్దండి. తెల్లదాన్ని ఇప్పుడే ముట్టుకోకండి, చివర్లో వేద్దాం," అన్నారు. వేలితో ఆ నీలాన్ని పగుళ్లలోకి అదుముతుంటే అమ్మ గుర్తొచ్చింది. ఆటో దొరికిందో లేదో అనుకున్నాను. ఫోన్ చేయలేదు. ఆ సాయంత్రమే గోళ్లలో నీలం గురించి అబద్ధమాడాను.

మూడోవారం రాళ్ల పైభాగాల మీద ఇటుకరంగు, ఆపైన లేత పసుపు వేశాను. కాగితంలోంచి రాయి లేచి నిలబడినట్టయింది. ఆ సంతోషంతోనే ఇంటికెళ్లి పప్పు మాడబెట్టాను.

నాలుగోవారం తెల్ల పుల్ల తీసి నురగ మొదలుపెట్టబోతుంటే బ్యాగులో ఫోన్ వెలిగింది. అమ్మ.

"ఉపేంద్ర ఫోన్ చేసిండు బిడ్డా. మీ అత్తమ్మ బీపీ గోళీలు ఏడున్నయని. నువ్వు ఎత్తుతలేవట. ఈడనే ఉన్నది, మందుల షాపుకు పోయిందని చెప్పిన. జర ఆయనతోని మాట్లాడు."

ఆయనకు ఫోన్ చేసి గోళీల డబ్బా ఎక్కడుందో చెప్పి, అమ్మ నా కోసం అబద్ధమెందుకాడిందో తెలియక, బొమ్మ అలాగే వదిలేసి చంపాపేటకు ఆటో ఎక్కాను. అమ్మ మంచం మీద కాలు చాపుకుని ఉంది. మోకాలు ఉబ్బి నిగనిగలాడుతోంది. దిండు కింది దవాఖాన చీటీ తీసి చూశాను. నేను తీసుకెళ్లిన రెండు తేదీలే ఉన్నాయి.

"పోతలేవా అమ్మా?"

"ఒక్కదాన్ని ఆ మెట్లు ఎట్ల ఎక్కుదునే."

"మరి పోతున్న అని ఎందుకు చెప్పినవ్?"

అమ్మ చీర అంచు సర్దుకుంది. "నెల సంది ఫోన్ల నీ గొంతు మంచిగ వినొస్తున్నది. యాడనో పోతున్నవని ఎరుకైంది. పోనీ తియ్ అని ఊకున్న."

రాయి మీద వెలుగు పడిందని నేను మురిసిపోయిన గంటలో, ఈమె గోడ పట్టుకుని బాత్రూముకు నడిచి ఉంటుంది. ఆమె నొప్పిని ఇంట్లో సాకుగా చూపించాను. ఆమె దాన్ని నా కోసం నిజంగానే మోసింది. అప్పుడే మలక్‌పేట తీసుకెళ్లి, పని అయ్యాక తిరిగి దింపి, ఎల్బీనగర్‌లో మా ఇంటికి చేరేసరికి ఏడయింది.

"ఇంత లేటా?" అన్నాడు ఉపేంద్ర.

చెప్పాను. క్లాసు, నాలుగు వారాలు, గోళ్లలో నీలం, అన్నీ. అత్తమ్మ టీవీ ఆపేసింది.

"ఒక్క మాట అడిగితే వద్దంటుంటినా?" అన్నాడాయన చివరికి. నిజంగానే నొచ్చుకున్నాడు.

"అనకపోవచ్చు. నా మూడు గంటల కోసం కూడా నిన్ను అడగాల్నా అనిపించింది. అబద్ధం చెప్పుడు తప్పే. ఇగ చెప్ప. మంగళవారం సాయంత్రాలు అమ్మను మలక్‌పేట తీస్కపోత. ఆ రోజు వంట నువ్వు చూస్కో. శనివారం నాకు క్లాసు."

ఆయన మూడు రోజులు ముక్తసరిగా మాట్లాడాడు. మంగళవారం అమ్మను తీసుకెళ్లి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం, కొంచెం మెత్తబడి, ఉంది. తింటుంటే తప్పు చేసినట్టే అనిపించింది. ఆ అనిపించడం ఇప్పట్లో పోదని తెలిసింది. అయినా తిన్నాను.

శనివారం ఆఫీసుకు తయారవుతుంటే ఎప్పుడొస్తావని ఉపేంద్ర అడగలేదు. చెప్పులేసుకుంటూ నేనే చెప్పాను.

"బొమ్మ గీసుకోను పోత. సాయంత్రమైతది."