వేలు చూపిన వైపు

పందొమ్మిది వందల నలభై ఎనిమిది వేసవి సెలవుల్లో, మెదక్ నుంచి మిషన్ వాళ్ల మందుల మోటారు పల్లెలకు బయల్దేరినప్పుడల్లా బడిపంతులు గాబ్రియేలు కూడా ఎక్కేవాడు. రోగుల పేర్లు రాసుకోవడం అతని పని. అది కాగానే మోటారు మీద కట్టిన సైకిలు దింపి, మెడలో దుర్బీను వేసుకుని పిట్టలను చూడబోయేవాడు.

ఆ ఏడు ఎండలకు కౌడిపల్లి దారి పొడవునా పచ్చగడ్డి లేదు. అంతా గులకరాళ్లు, తుమ్మముళ్లు.

"మోషే నడిచిన ఎడారి గిట్లనే ఉండె కావచ్చు సార్," అనేవాడు డ్రైవరు జకరయ్య.

నర్సు ఎలిశిబాకు మాత్రం భయం. "దూరం పోకుండ్రి. రజాకార్లు తిరుగుతున్నరు. గా దుర్బీను జూస్తే ఊకుంటరా?"

ఆ రోజు మోటారు ఆగిన పల్లెలో మగవాళ్లు కనిపించలేదు. నిజాం సర్కారుకు లెవీ ధాన్యం ఇవ్వని వాళ్లను రజాకార్లు కొట్టి పట్టుకుపోతున్నారని, అంతా పగటిపూట ఊరి బయట దాక్కుంటున్నారని ఆడవాళ్లు చెప్పారు. గాబ్రియేలు విన్నాడు. విని, సైకిలెక్కాడు.

బీడు మధ్యలో అతను ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్న బట్టమేక పిట్ట కనిపించింది. మేకపిల్లంత ఉంది. తెల్లని మెడ నిక్కించి, దొరలా నడుస్తోంది. సైకిలు పడుకోబెట్టి, తనూ బోర్లా పడుకుని దుర్బీను పెట్టాడు. పిట్ట ఎండిన వాగులోకి దిగింది. దాని వెంటే దుర్బీను జరిపితే, తుమ్మపొద వెనక తలకు చుట్టిన ఎర్ర రుమాలు కనిపించింది. దాని కింద ఒక మనిషి ముఖం. గాబ్రియేలు చటుక్కున దుర్బీను దించాడు.

"ఖడే రహో!"

కదలొద్దని అరుస్తూ వెనక ముగ్గురు రజాకార్లు. ఒకడు తుపాకీ గొట్టం అతని పక్కటెముకలకు ఆనించాడు.

"ఎవరికి ఖబరిస్తున్నవ్?"

"ఎవరికి లేదు సాబ్. పిట్టను జూస్తున్న. బట్టమేక పిట్ట."

వాడు నవ్వాడు. "మంచి మాంసం. యాడుంది? చూపియ్."

అవతలి గుట్టల వైపు చూపినా నమ్మేవాళ్లు. ఆ సంగతి తనకు తర్వాతే తట్టిందని గాబ్రియేలు చాలాసార్లు అనుకోబోయాడు. కాదు, అప్పుడే తట్టింది. కానీ అబద్ధమని తేలితే చంపుతారని భయం వేసింది. వాగు వైపు వేలు చూపాడు.

వాళ్లు అటు నడిచారు. ఒక తుపాకీ దెబ్బ పేలింది. పిట్ట బరువుగా లేచి గుట్టలు దాటిపోయింది. ఇంకో దెబ్బ. ఈసారి మనిషి కేక.

గాబ్రియేలు వెనక్కి చూడకుండా సైకిలు తొక్కి మోటారు దగ్గరికొచ్చి పడ్డాడు.

"గా తుపాకీ చప్పుడేంది సార్?" అని ఎలిశిబా అడిగింది.

"పిట్టను గొట్టిన్రు."

జకరయ్య హడావుడిగా మోటారు తీశాడు. ఊరు దాటాక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న గాబ్రియేలు ఒక్కసారిగా అరిచాడు. "ఆపు! వాగుల మనిషున్నడు."

వాళ్లు తిరిగి వెళ్లేసరికి రజాకార్లు లేరు. ఎల్లయ్య అనే రైతు తొడ పగిలి రక్తంలో పడి ఉన్నాడు. మెదక్ మిషన్ దవాఖానాకు తెచ్చారు. ప్రాణం నిలిచింది, కాలు తీసేశారు.

తెలివి వచ్చాక ఎల్లయ్య అడిగాడు, తననెవరు తెచ్చారని.

"గాబ్రియేలు సారే. నడిమిట్లకెళ్లి మోటారు మళ్లిపిచ్చిండు," అన్నాడు జకరయ్య.

ఇక అప్పటినుంచి ఎల్లయ్య వచ్చినవాళ్లందరికీ అదే చెప్పి గాబ్రియేలును దీవించేవాడు. గాబ్రియేలు రోజూ జావ తీసుకుని వెళ్లేవాడు, రోజూ ఆ దీవెన వినేవాడు. మానేద్దామంటే అదింకో ద్రోహం అనిపించేది. ఆదివారం మిషన్ గుడిలో పాపాల ఒప్పుకోలు దగ్గర అందరితోపాటు ఉత్త పెదవులు కదిపేవాడు.

సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు తుపాకులు పారేసి పోయారు. మగడు ఎల్లయ్యను ఇంటికి తీసుకుపోవడానికి రామమ్మ బండి కట్టుకుని వచ్చింది. "ఊరంత మీకు దండెయ్యాలంటుండ్రు సార్," అంది.

గాబ్రియేలు ఆమెను వరండా చివరికి పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. రామమ్మ ఒకటే అడిగింది.

"వాగుల మనిషున్నడని మీకెరుకేనా?"

"ఎరుకే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయనకు గూడ చెప్త రామమ్మా. కాళ్లు మొక్కుత."

"వద్దు." ఆమె గొంతు గట్టిపడింది. "చెప్తె మీ బరువు దిగుతది. ఆయనకేం మిగుల్తది? కాలు పాయె. మంచి జేసినోడు ఒకడున్నడని పట్టుకొని బతుకుతుండు. గదిగూడ గుంజుకోకుండ్రి."

జకరయ్య, గాబ్రియేలు కలిసి ఎల్లయ్యను ఎత్తి బండిలో గడ్డి మీద కూర్చోబెట్టారు. ఎల్లయ్య గాబ్రియేలు భుజం వదల్లేదు. "సార్, దసరకు మా ఇంటికి రాండ్రి. మీరు రాంది మేం బువ్వ ముట్టం."

గాబ్రియేలు రామమ్మ వైపు చూశాడు. ఆమె ఎడ్ల పగ్గాలు సర్దుతోంది. తల తిప్పకుండానే అంది. "పిలుస్తుండు గద. రాండ్రి."

"వస్త," అన్నాడు గాబ్రియేలు.