గొణుగుడు కమ్మరి మలుపు

ఊరంటూ పుట్టకముందు రోడ్డు మలుపులో ఉన్నది ఒక్క కొలిమే. చుట్టుపక్కల పొలాల్లో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ ఉత్తరాలన్నీ బస్సువాళ్ళు ఆ కమ్మరి చేతిలో పడేసి పోయేవారు. నేనేమైనా మీ జీతగాణ్ణా అని ఆయన గొణిగేవాడు. గొణుగుతూనే వాటిని మేకుల పెట్టెలో దాచేవాడు. ఒక్క ఉత్తరం తడిసింది లేదు, తప్పిపోయింది లేదు. కాకపోతే ప్రేమలేఖ కూడా ఇనుము వాసన వేసేది. పై ఊళ్ళవాళ్ళు చిరునామాలో 'గొణుగుడు కమ్మరి మలుపు' అని రాయడం మొదలుపెట్టారు. తర్వాత పోస్టాఫీసు వస్తే, ముద్ర మీదికీ అదే పేరు ఎక్కింది.

కమ్మరి పోయే నాటికి ఆ పోస్టాఫీసు కూతురి చేతిలో ఉంది. మాట పొదుపు మనిషి. రోజూ పొద్దున్నే ముద్రను సిరాలో అద్ది తెల్లకాగితం మీద ఒకసారి వేసేది. తేదీ సరిచూడ్డానికి అనేది. నాన్న పేరు చూసుకోవడానికని అందరికీ తెలుసు.

ధాన్యం షావుకారు తన కూతురికి సంబంధాలు వెతకడం మొదలుపెట్టాక ఆ పేరు ఆయనకు ముల్లై గుచ్చుకుంది. గొణుగుడు ఊరి పిల్లను ఎవరు చేసుకుంటారని నలుగురినీ కూడగట్టి, అర్జీ పెట్టి, ఊరికి 'పూలతోట' అని పేరు మార్పించాడు. ఊరు మొత్తానికీ పూలమొక్క అంటే ఆయన భార్య రేకు డబ్బాలో పెంచే బంతి ఒక్కటే. కొత్త ముద్ర వచ్చిన రోజు కమ్మరి కూతురు పాతదాన్ని శుభ్రంగా తుడిచి మేకుల పెట్టెలో పెట్టింది.

పొద్దున పెళ్ళిచూపులకు వస్తామన్నవాళ్ళు పొద్దుగూకాక గానీ రాలేదు. ఆ చుట్టుపక్కల పూలతోటలు ఇంకో మూడు ఉన్నాయట. మూడూ తిరిగి, ఒకచోట కాఫీలు తాగి, ఎవరి పిల్లనో చూసి మెచ్చుకుని మరీ వచ్చారు. చివరికి దారి చూపింది ఒక లారీ డ్రైవరు. "గొణుగుడు కమ్మరి మలుపని ముందే చెప్పొచ్చుగా" అని విసుక్కున్నాడట.

సంబంధం మాత్రం కుదిరింది. షావుకారు పోస్టాఫీసుకు వచ్చి, శుభలేఖల మీద ఊరి పేరు ఏది వేయించాలని, గోడ గడియారాన్ని అడిగినట్టు అడిగాడు.

ఆమె ఉత్తరాలు సర్దడం ఆపలేదు. "మీ ఇష్టం మావయ్యా. చేరాలంటే పాతది, చూసి మురిసిపోవాలంటే కొత్తది."

షావుకారు గొణుక్కుంటూ మెట్లు దిగాడు.

శుభలేఖల కట్ట బల్ల మీదికి వచ్చినప్పుడు ఆమె తొందరపడలేదు. ఒక్కొక్కటీ తిప్పి, నాన్న పేరు చదువుకుని, ఆ తర్వాతే ముద్ర వేసింది. ముద్రలో ఇంకా పూలతోటే ఉంది. దానికి సిరా కాస్త తక్కువ అంటేట్టు చూసుకుంది.